చప్పుడు చేయని కంప్యూటర్

"ఆ పెన్‌డ్రైవ్ పెట్టే ముందు నన్నొక్క మాట అడిగితే ఏం పోయేదమ్మా?"

జశ్వంత్ శుక్రవారం నుంచి ఈ ప్రశ్నే అడుగుతున్నాడు. మొదటిసారి అడిగినప్పుడు భ్రమరాంబ జవాబు చెప్పింది. తర్వాత ఏడ్చింది. ఈ ఆదివారం పొద్దున్న మాత్రం పెనం మీద నీళ్లు చిలకరించి, అవి చుయ్యిమని ఆరిపోయేదాకా చూస్తూ నిలబడింది.

"నిన్నే అడిగేది."

"తప్పే నాన్నా. నువ్వు బాల్కనీలో ఫోన్ మాట్లాడుతున్నావు, ఎంతకీ లోపలికి రాలేదు. అయిదు నిమిషాల పనే కదా అనుకున్నాను."

డైనింగ్ టేబుల్ దగ్గర కోడలు నీహారిక ఒక చెవి మీది హెడ్‌ఫోన్ పక్కకు జరిపింది.

"అయిదు నిమిషాల పని! మరి ఇంటి లోన్ ఎవరు కడతారత్తయ్యా? మీ పెన్‌డ్రైవ్ కడుతుందా?"

భ్రమరాంబ దోసె తిరగేసింది. అది అప్పటికే మాడింది. మాడిన దోసె తన పళ్లెంలో వేసుకుని, ఇంకోటి పోసింది.

జరిగింది ఇంతే. గురువారం మధ్యాహ్నం కొడుకు ఆఫీసు లాప్‌టాప్ హాల్లో తెరిచి ఉంది. ఆమె దానికి ప్రశాంతి ఇచ్చిన పెన్‌డ్రైవ్ గుచ్చింది. తెర మీద ఎర్ర అక్షరాలతో ఏదో హెచ్చరిక వచ్చింది. బెదిరిపోయి పీకేసింది. మర్నాడు పొద్దున్న ఆ లాప్‌టాప్ తెరుచుకోలేదు. మధ్యాహ్నానికి జశ్వంత్ నెత్తురు చుక్క లేని మొహంతో హాల్లోకి వచ్చి, ఉద్యోగం పోయిందన్నాడు. బయటి పెన్‌డ్రైవ్ పెట్టడం కంపెనీ దృష్టిలో మహాపరాధమట. సంజాయిషీలు, క్షమాపణలు ఉండవట.

ఇంట్లో వెండిగిన్నె ఎత్తుకుపోయిన దొంగకైనా కోర్టులో వాయిదాలుంటాయి. మాదాపూర్ అద్దాల మేడల్లో పెన్‌డ్రైవ్ గుచ్చినవాడికి అవి కూడా ఉండవు కాబోలని భ్రమరాంబ నమ్మింది. చెప్పింది కన్నకొడుకు. నమ్మక ఏం చేస్తుంది?

ఆవిడేమీ కంప్యూటర్ ముట్టుకోని మనిషి కాదు. ఏలూరు ఇరిగేషన్ ఆఫీసులో టైపిస్టుగా చేరింది. టైపు మిషన్లు మూలపడి కంప్యూటర్లు వచ్చినప్పుడు ఆఫీసు మొత్తంలో అందరికంటే ముందు నేర్చుకున్నదీ ఆవిడే. భర్త రామబ్రహ్మం పోయి, తనూ రిటైరయ్యాక నిజాంపేటలో కొడుకు ఫ్లాట్‌కి వచ్చింది. అప్పటి నుంచి వేళ్లకు పని లేదు.

వేళ్లకనే ఏముంది, నోటికీ లేదు. ఆ ఫ్లాట్లో పొద్దస్తమానం మాటలు వినిపిస్తూనే ఉంటాయి. ఈ గదిలో కొడుకు, ఆ గదిలో కోడలు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఎక్కడెక్కడి వాళ్లతోనో మాట్లాడతారు, నవ్వుతారు, "తప్పకుండా, తప్పకుండా" అంటారు. అందులో ఒక్క మాటా ఆవిడతో కాదు. మాటలే వినపడని ఇల్లయితే ఇంతకంటే నయంగా ఉండేదేమోనని ఒక్కోసారి అనిపించేది.

అలాంటి రోజుల్లో దొరికింది ప్రశాంతి. వెనక సందులో హాస్టల్లో ఉంటుంది. చూపు లేదు. గ్రూప్ పరీక్షకు చదువుకుంటోంది. కింద కర్రీ పాయింట్ దగ్గర "ఇయ్యాల ఏం కూరలున్నయో జర చదివి చెప్తరా ఆంటీ" అని అడగడంతో మొదలైంది. కూరలయ్యాక పుస్తకాలు వచ్చాయి. అచ్చులో ఉన్న తెలుగు పుస్తకాన్ని ఎవరైనా టైపు చేసి పెడితే, కంప్యూటరు దాన్ని పైకి చదివి వినిపిస్తుందట. ఆ పిల్ల చెవులతో చదువుకుంటుంది. భ్రమరాంబ ఎగిరి గంతేసి ఒప్పుకుంది. ఫోన్ మీద బొటనవేలితో పొడిచి పొడిచి రెండు పాఠాలు పూర్తిచేసేసరికి మణికట్టు వాచింది.

"ఒక మామూలు డెస్క్‌టాప్ కొనిపెట్టరా. పెద్ద అక్షరాలు కనపడే తెర, గట్టి మీటలు. అంతకంటే ఏం వద్దు" అని అప్పట్నుంచీ అడుగుతూనే ఉంది.

"ఈ రోజుల్లో డెస్క్‌టాప్ ఎవరు కొంటారమ్మా? ట్యాబ్ ఉందిగా, వాడుకో" అనేవాడు జశ్వంత్.

ఇంటి నిండా తెరలే. గోడకొకటి, ఒళ్లో ఒకటి, చేతిలో ఒకటి. ఊరంతా చుట్టాలే, ఉట్టికట్ట తావు లేదన్నట్టు, ఆవిడ కూర్చుని నాలుగు పేజీలు కొట్టుకోవడానికి మాత్రం ఒక్కటీ లేదు. అందుకే ఆ గురువారం చెయ్యి అటు పోయింది.

"ఒక పని చేయండత్తయ్యా." నీహారిక లాప్‌టాప్ మూసింది. గొంతు పెంచలేదు. ఆ పిల్ల కోపం వస్తే గొంతు తగ్గిస్తుంది. "ఇవాళే వెళ్లి మీకో కంప్యూటర్ కొనుక్కోండి. పాతదో, చవకదో, ఏదో ఒకటి. మా వస్తువుల జోలికి మాత్రం ఇంక రాకండి."

"ఇప్పుడెందుకమ్మా? ఈ పరిస్థితుల్లో..."

"ఇప్పుడే కావాలి. నా లాప్‌టాప్ కూడా పోతే ఈ ఇంట్లో జీతమన్నది ఉండదు."

"ఎక్కడ పెట్టుకోను?"

"ప్రస్తుతానికి వాషింగ్ మెషిన్ పక్కన. అక్కడ ప్లగ్ ఉంది." నీహారిక ఒక్క క్షణం ఆగింది. "నెలాఖరున అది తీసుకుని వైజాగ్‌లో సంధ్య దగ్గరికి వెళ్లండి. ఇక్కడ మేమిద్దరం కుదుటపడేదాకా."

సంధ్య భ్రమరాంబ కూతురు. రెండు గదుల ఇల్లు, ఇద్దరు పిల్లలు, అత్తామామలు. అక్కడికి వెళ్లడమంటే ఏమిటో ముగ్గురికీ తెలుసు.

భ్రమరాంబ కొడుకు వైపు చూసింది. "ఎక్కడికీ వద్దులే అమ్మా" అంటాడని చూసింది. జశ్వంత్ పళ్లెంలో చట్నీని వేలితో అటూ ఇటూ జరుపుతున్నాడు. ఎంతసేపు చూసినా తల ఎత్తలేదు.

ఆవిడ స్టవ్ కట్టేసింది.

*

"నాకొద్దాంటీ ఇగ. పాఠాలు ఆపుదాం" అంది ప్రశాంతి ఆటోలో. "నేను పెన్‌డ్రైవ్ ఇయ్యకుంటే మీ ఇంట్ల మంచిగుండేది. రాత్రి అన్నం గూడ తినబుద్ధి కాలే."

"ఇచ్చింది నువ్వైనా గుచ్చింది నేను కదమ్మా."

"అన్న ఇంకా గుస్స మీదున్నడా?"

"ఉన్నాడు."

"అసలు మాట్లాడ్తలేడా?"

"ఎందుకు మాట్లాడ్డూ? అడిగిందే అడుగుతున్నాడు." భ్రమరాంబ ఆటో కమ్మీ పట్టుకుంది. మూసాపేట దగ్గర మెట్రో స్తంభాల నీడలు ఒడి మీద పడి పోతున్నాయి. "పాఠాలు ఆపుదామన్నావే, ఆపితే నాకేం మిగులుతుందే పిల్లా? పొద్దున్నే లేచి ఇవాళ ఫలానా పేజీ దాకా కొట్టాలి అనుకుంటాను చూడు, అదొక్కటే నా బతుక్కి పని. అది కూడా తీసేస్తావా?"

ప్రశాంతి తడుముకుని ఆవిడ మోచేయి పట్టుకుంది. బోరబండ వచ్చేదాకా వదల్లేదు.

స్టేషన్ పక్క సందులో ఉంది ఆ కొట్టు. హాస్టల్ అమ్మాయిలంతా అక్కడే కొంటారట. కంపెనీలు వాడి వదిలేసిన కంప్యూటర్లను తెచ్చి, దుమ్ము దులిపి, బాగుచేసి అమ్ముతారు. కొట్టతని పేరు సాయిచంద్. వీళ్లు గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే రంగురంగుల దీపాలు వెలుగుతున్న ఓ పెద్ద డబ్బా ముందు నిలబెట్టాడు.

"దీన్ని చూడుండ్రి మేడం. గ్లాసు బాడీ, మూడు ఫ్యాన్లు. మనుమనికా? మస్తు ఖుష్ అయితడు."

"మనవళ్లు లేరు బాబూ. నాకే."

సాయిచంద్ ఆవిణ్ని, దీపాల డబ్బాని మార్చి మార్చి చూశాడు.

"మీకా? ఏం పని చేస్తరు మేడం దానితోటి?"

"తెలుగు టైపు కొట్టాలి. ఎవరికైనా మెయిల్ పంపాలి. కరెంటు బిల్లు కట్టాలి. కొట్టింది పైకి చదివి వినిపించాలి."

"ఇంకా?"

"ఇంకేం లేదు."

"గంతేనా?" అతను నవ్వుతూ దీపాలు ఆర్పేశాడు. "గా పనికి ఇది ఎందుకు, కరెంటు దండుగ. అందరు మీలెక్కనే వస్తే ఇగ మా దుకాణం నడిచినట్లే. జర లోపలికి రాండ్రి."

లోపల బల్ల మీద మూడు వరసగా పెట్టాడు. మొదటిది అన్నిటికంటే చవక. మీట నొక్కారు. చూస్తున్నారు, చూస్తున్నారు, తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి.

"పాత డిస్కు మేడం. ఇది లేచేలోపల మీరు చాయ్ తాగి రావొచ్చు."

"మా ఇరిగేషన్ ఆఫీసులో ఫైలు కదిలినట్టుంది" అంది భ్రమరాంబ. శుక్రవారం నుంచి ఆవిడ నోట వచ్చిన మొదటి హాస్యం ఇదే. నవ్వు రాబోయి ఆగిపోయింది.

రెండోది చప్పున లేచింది. అయితే ప్రశాంతి దాని దగ్గరికి వంగి చెవి పెట్టి మొహం చిట్లించింది.

"ఫ్యాన్ మస్తు మొత్తుకుంటున్నది ఆంటీ. ఇగ నాకు వాయిస్ ఎట్ల వినవడాలె?"

మూడోది రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టినంత చిన్న డబ్బా. మీట నొక్కితే తెర వెలిగింది గాని చప్పుడు లేదు. ప్రశాంతి దాని మీద చెయ్యి వేసి చూసింది. "ఇది నడుస్తున్నదా?" అని అడిగింది.

"నడుస్తుంది అక్కా. సైలెంట్ పీస్. కొత్త డిస్కు ఏసిన, ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్నది. టైపింగుకి, మెయిల్‌కి పదేండ్లు ఫికర్ లేదు."

భ్రమరాంబ కుర్చీ దగ్గరకు లాక్కుంది. కీబోర్డు పాతదే, మీటలు ఎత్తుగా, గట్టిగా ఉన్నాయి. వేళ్లు వాటి మీద పెట్టగానే వాటంతటవే తమ తమ చోట్లకు వెళ్లి కూర్చున్నాయి. ఏం కొట్టాలో తోచలేదు. "ప్రశాంతీ, భోంచేశావా?" అని కొట్టింది. సాయిచంద్ ఏదో మీట నొక్కాడు. డబ్బాలోంచి ఓ ఆడగొంతు, ఎత్తుపల్లాలు లేకుండా, ఆ మాటలు పైకి చదివింది.

ప్రశాంతి మొహం విప్పారింది. గొంతు వచ్చిన వైపు తిరిగి, "లేదాంటీ. మీరు తిన్నరా?" అంది.

శుక్రవారం నుంచి ఆవిణ్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు. భ్రమరాంబ మీటల మీంచి చేతులు తియ్యలేదు. "ఇదే బాగుంది" అంది.

వెనకాల ఏ వైరు ఎక్కడ పెట్టాలో చూపిస్తానని సాయిచంద్ ఆ డబ్బాను ఇటు తిప్పాడు. పక్కన నారింజ రంగు స్టిక్కర్ అంటించి ఉంది. లూమిక్రెస్ట్. దాని కింద, ఏడో అంతస్తు.

జశ్వంత్ కంపెనీ. జశ్వంత్ అంతస్తు. ఏటా ఒకసారి ఉద్యోగుల ఇంటివాళ్లను ఆఫీసుకు పిలిచి చూపించే పండగ ఒకటుంది వాళ్లకు. కిందటేడు ఆవిడ పట్టుచీర కట్టుకుని వెళ్లింది. ఆ నారింజ రంగు గోడలు చూసింది. కొడుకు కుర్చీలో కూర్చుని ఫొటో దిగింది.

"ఇది ఎక్కడిది బాబూ?"

"లూమిక్రెస్ట్‌ది మేడం. మొత్తం లాట్ మేమే కొన్నం. వినాయక చవితి అయినంక ఏడో అంతస్తు మొత్తం ఖాళీ చేసిండ్రు."

"ఖాళీ చేశారంటే... వేరే చోటికి మార్చారా?"

"మార్చుడు ఎక్కడిది? ప్రాజెక్టే బంద్ వెట్టిండ్రు. అందరికీ నోటీసులిచ్చి, ఇంట్ల కూసొని నోటీసు టైం పూర్తి చేస్కోండ్రన్నరు. డెస్క్‌టాప్‌లు అప్పుడే మాకొచ్చినయి. లాప్‌టాప్‌లు ఆఖరు దినం దాకా వాళ్ల దగ్గర్నే ఉండె. మొన్న శుక్రవారం పొద్దున లాక్ చేసిండ్రంట. గవి గూడ ఈ వారం మాకే వస్తున్నయి. లాప్‌టాప్ కావాల్నంటే అప్పుడు రాండ్రి."

"శుక్రవారం పొద్దున్న..." భ్రమరాంబ బల్ల అంచు పట్టుకుంది. "ఎవరివి లాక్ చేశారు?"

"అందరివి మేడం. ఆ అంతస్తుల ఉన్నోళ్లందరివి. ఒక్కలది చేసి ఒక్కలది ఇడిచిపెడ్తరా?"

అతను వైర్లు చుట్టుకుంటూ ఇంకేదో చెబుతున్నాడు. ఆవిడకు వినపడలేదు. ముందుగా కలిగింది సంతోషమే. నావల్ల కాదు, నా బిడ్డ నోటి దగ్గరి కూడు నేను తీసేయలేదు. ఆ సంతోషం గుక్కెడు మంచినీళ్లు తాగినంత సేపు కూడా నిలవలేదు. వెంటనే రెండోది తోచింది. వాడికి తెలుసు. వినాయక చవితి నాటి నుంచీ తెలుసు. తెలిసే అడుగుతున్నాడు, ఒక్క మాట అడిగితే ఏం పోయేదమ్మా అని.

"ఆంటీ?" ప్రశాంతి గాలిలో చెయ్యి చాపింది. "ఉన్నరా?"

"ఉన్నానమ్మా."

"ఏమైంది? ఊపిరి గూడ వినవడ్తలేదు మీది."

చెప్పేస్తే ఈ పిల్ల గుండె మీది బరువు దిగుతుంది. పెన్‌డ్రైవ్ ఇచ్చానని రాత్రి అన్నం మానేసిన పిల్ల. కానీ ఏమని చెబుతుంది? నా కొడుకు తన తప్పు కాని దానికి భయపడి, నా తప్పు కాని దాన్ని నా నెత్తిన వేశాడనా? కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది.

"నువ్విచ్చిన పెన్‌డ్రైవ్‌కీ ఆ ఉద్యోగానికీ సంబంధం లేదట ప్రశాంతీ. అంతవరకు నిజం. మిగతాది ఇంకోసారి చెబుతాను. నువ్వు మాత్రం ఇంటికెళ్లి కడుపునిండా తిను."

ప్రశాంతి సరేనన్నట్టు తల ఊపింది.

"గీ స్టిక్కర్ పీకేస్తా మేడం. గలీజుగున్నది" అన్నాడు సాయిచంద్, గోరు దాని అంచు కింద దూరుస్తూ.

"వద్దు" అంది భ్రమరాంబ. "ఉండనీ."

తిరిగి వచ్చేటప్పుడు డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కొడుకు చెంప పగలగొట్టాలనిపించింది. వాడికి ఊహ తెలిశాక ఒక్క దెబ్బ వేసిన పాపాన పోలేదు, అదే పొరపాటయిందేమో. వైజాగ్ వెళ్లమని భార్య అంటుంటే చట్నీ కలుపుతూ కూర్చుంటాడా? ఇంట్లో అడుగు పెట్టగానే కోడల్ని పిలిచి, ఇదిగో మీ ఆయన నిర్వాకం అని డబ్బా ముందు పెట్టాలనుకుంది. ఏ మాట తర్వాత ఏ మాట అనాలో కూడా వరస పెట్టుకుంది.

నిజాంపేట మలుపు తిరిగేసరికి ఆ వరస చెదిరింది. నోటీసు చేతికొచ్చాక కూడా వారానికి రెండు రోజులు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, మెళ్లో ఐడీ కార్డు తగిలించుకుని, ఆఫీసుకని చెప్పి వెళ్లాడు జశ్వంత్. ఆఫీసే లేనప్పుడు ఎక్కడికి వెళ్లాడు? ఎవరితో చెప్పుకున్నాడు? ఆ ఇంట్లో మాట్లాడే దిక్కులేనిది తనొక్కతికే అనుకుంది ఇన్నాళ్లూ.

*

సాయంత్రం ఎండ వంటింటి వెనక యుటిలిటీ గ్రిల్ లోంచి వాషింగ్ మెషిన్ మీద చారలుగా పడుతోంది. భ్రమరాంబ ఓ ప్లాస్టిక్ స్టూల్ మీద తెర, పాత టీపాయ్ మీద డబ్బా సర్దింది. వైర్లు పెట్టుకోవడం ఆవిడకు వచ్చు. అయినా పెట్టకుండా కూర్చుంది.

కాసేపటికి జశ్వంత్ వచ్చాడు. వస్తాడని ఆవిడకు తెలుసు. ఎంత కోపమున్నా వాడి చేతులు ఊడదీసిన వైరును చూసి ఊరుకోలేవు.

"జరుగమ్మా. నేను పెడతాను."

నేల మీద గొంతుక్కూచున్నాడు. తెర వైరు బిగించాడు. ప్లగ్గు గుచ్చాడు. డబ్బాను పక్కకు తిప్పాడు. అంతే, చేతులు ఆగిపోయాయి.

భ్రమరాంబ వాడి వీపు వైపే చూస్తోంది. చెవుల వెనక రంగు మారడం కనిపించింది. చిన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు దాచిపెట్టి దొరికిపోయినప్పుడు కూడా అలాగే చెవులు ఎర్రబడేవి.

"ఎక్కడ కొన్నావు?" అన్నాడు.

"బోరబండలో."

"వాళ్లేమైనా చెప్పారా?"

"చప్పుడు చేయదని చెప్పారు."

వాడు వెనక్కి తిరగలేదు. ఆవిడ ముందుకు వంగలేదు. కింది అంతస్తులో ఎవరో కుక్కర్ విజిల్ లెక్కపెట్టుకుంటున్నారు.

అప్పుడే నీహారిక ఫోన్ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి. అయినా మొహంలో శుక్రవారం తర్వాత మొదటిసారి కాస్త ఆశ ఉంది.

"జశ్వంత్, నంబర్ దొరికింది. మా టీమ్ లీడ్ వాళ్ల వదిన లూమిక్రెస్ట్ హెచ్ఆర్‌లోనే పనిచేస్తారట. ఇప్పుడు ఫోన్ చేసి రేపటికి టైమ్ అడుగుతాను. పాఠాలు తప్ప ఆ పెన్‌డ్రైవ్‌లో ఏం లేవని మనం చూపిస్తే..."

"వద్దు" అన్నాడు జశ్వంత్.

"ఎందుకు వద్దు?"

"వద్దన్నాను కదా. లాభం లేదు."

"లాభం లేదని నువ్వే అనేసుకుంటే ఎలా? ఒక్కసారి అడగడానికి కూడా భయమేనా నీకు?" నీహారిక గొంతు తగ్గింది. "నువ్వు రాకపోతే నేను వెళ్తాను. అత్తయ్యా, మీరు వస్తారా? నా పొరపాటే, వాడికేం తెలియదు అని మీ నోటితో చెబితే పెద్దావిడని వింటారేమో. పొద్దున్న నేనన్నవన్నీ మనసులో పెట్టుకోకండి. ప్లీజ్ అత్తయ్యా."

జశ్వంత్ ఇప్పుడు తిరిగాడు. తల్లి మొహంలోకి సూటిగా చూశాడు. రానని చెప్పమ్మా అని కళ్లు వేడుకుంటున్నాయి. మోకాలు నొప్పనో, భయమనో ఏదో ఒకటి చెప్పమ్మా అంటున్నాయి. రానంటే ఈ పూట గడిచిపోతుంది. చేసిన తప్పు ఒప్పుకోవడానికి కూడా కదల్లేదన్న మచ్చ కోడలి దృష్టిలో ఆవిడకు ఉండిపోతుంది, నెలాఖరుకి వైజాగ్ బండి ఎక్కేదాకా, ఆ తర్వాతా. కొడుకు అడుగుతున్నది చిన్నదేమీ కాదు. అడుగుతున్నానని వాడికి తెలుసో లేదో!

"వస్తానమ్మా" అంది భ్రమరాంబ. "చెయ్యి ఫోను."

నీహారిక హాల్లోకి పరుగు లాంటి నడకతో వెళ్లింది.

"అమ్మా..."

ఆవిడ జవాబు చెప్పకుండా స్టూల్ పక్కకు జరిపి, కొడుక్కి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఆటోలో వరస పెట్టుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. ఎందుకు చేశావురా, నీకు నేనేం అపకారం చేశాను, మూడు రోజులు నన్ను ఏడిపించి ఎలా అన్నం తిన్నావు. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది.

"నోటీసు వచ్చాక కూడా నీకు క్యారేజీ కట్టి ఇచ్చాను కదరా. ఎక్కడ కూర్చుని తిన్నావు?"

జశ్వంత్ చేతిలోని వైరును వేలికి చుట్టుకున్నాడు.

"కార్లో" అన్నాడు. "దుర్గం చెరువు దగ్గర, కార్లో."

"ఒక్కడివేనా?"

తల ఊపాడు. భ్రమరాంబ చెయ్యి చాపింది. అది వాడి తల మీద వెయ్యడానికో, చెంప మీద వెయ్యడానికో ఆవిడకే తెలియదు.

హాల్లోంచి నీహారిక గొంతు వినిపిస్తోంది. "నమస్తే అండీ, ఆదివారం డిస్టర్బ్ చేస్తున్నాను. జశ్వంత్ గురించి... అవునండీ, ఏడో అంతస్తే. మా అత్తయ్యగారు ఒక చిన్న పొరపాటు... ఏంటండీ?"

మాట తెగింది.

"ఎప్పుడు?" అంది నీహారిక ఫోన్లో. మళ్లీ, ఇంకా నెమ్మదిగా, "ఎప్పుడిచ్చారండీ నోటీసు?"

చాపిన చెయ్యి వాడి భుజం మీద పడింది. గట్టిగా పట్టుకుని ఊపింది భ్రమరాంబ.

"లే. ఆ పిల్ల వచ్చి నన్నడిగేలోగా నువ్వే వెళ్లి చెప్పు. లేవరా!"

జశ్వంత్ లేవలేదు. నీహారిక ఫోన్ పెట్టేసి ఇటే వస్తోంది.